టూ వే స్విచ్ రాలేదని ఐటీఐ మానేయాలా?

ప్రశ్న: పదో తరగతి అయ్యాక ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేరాను, మొదటి సంవత్సరం. ప్రాక్టికల్‌లో మెట్ల లైటుకి టూ వే కనెక్షన్ (ఒకే లైటుని కింద, పైన రెండు స్విచ్‌లలో దేనితోనైనా వేసి ఆపేది) రెండుసార్లు ఇస్తే ఒకసారి వెలగలేదు, ఇంకోసారి ఫ్యూజ్ పోయింది. మిగతావాళ్లందరికీ వచ్చేసింది. ఈ పని నాకు సరిపడదేమో, మానేసి కంప్యూటర్ కోర్సులో చేరమంటారా?

జవాబు: తమ్ముడూ, ఈ ఒక్క కారణంతో మాత్రం మానేయొద్దు. టూ వే దగ్గర ఆగిపోయిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. దాదాపు అందరి ఇబ్బందీ ఒకటే, ఏ రంగు వైరు ఏ స్క్రూకి పెట్టాలో బట్టీ పట్టారు తప్ప కరెంటు ఎటు నుంచి ఎటు పోతోందో గీసుకోలేదు. నువ్వూ అదే చేసి ఉంటావు.

మామూలు వన్ వే స్విచ్‌కి రెండు టెర్మినల్స్ (వైరు బిగించే స్క్రూలు), ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరు, ఒకదాంట్లోకి వచ్చి రెండోదాంట్లోంచి బల్బుకి పోతుంది, న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, మాత్రం స్విచ్ జోలికే రాకుండా నేరుగా హోల్డర్‌కి వెళ్తుంది. టూ వేకి మూడు టెర్మినల్స్, అందులో కామన్ అనేది స్విచ్ నొక్కినప్పుడల్లా మిగతా రెండింట్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. కింద స్విచ్ కామన్‌కి ఫేజ్, పైన స్విచ్ కామన్ నుంచి బల్బుకి వైరు, మిగిలిన రెండేసి టెర్మినల్స్‌ని రెండు వైర్లతో కలుపుతావు, అంతే. చాలా స్విచ్‌లలో మధ్యదే కామన్, అయినా నమ్మేయకుండా మల్టీమీటర్ బజర్‌తో (రెండు చోట్ల మధ్య దారి కలిస్తే మోగుతుంది) చూసుకో. ఫ్యూజ్ పోయిందంటే న్యూట్రల్‌ని స్విచ్‌లోకి తెచ్చి ఫేజ్‌తో కలిపేసి ఉంటావు, అస్సలు వెలగలేదంటే కామన్ తప్పు పట్టుకుని ఉంటావు.

ఇంకోటి కూడా ఇప్పుడే తెలుసుకో. మూడంతస్తుల మెట్లకి మధ్యలో పెట్టే ఇంటర్మీడియట్ స్విచ్‌కీ, గీజర్‌కి పెట్టే డీపీ (డబుల్ పోల్) స్విచ్‌కీ నాలుగేసి టెర్మినల్సే ఉంటాయి, అందుకే కొత్తవాళ్లు తికమకపడతారు. మొదటిది రెండు వైర్లని నేరుగానో అడ్డంగానో మార్చి కలుపుతుంది. డీపీ మాత్రం ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంపుతుంది, నీళ్లు తగిలే చోట అది ఎంత అవసరమో ఆలోచించు.

ఇదంతా కెరీర్ ప్రశ్నకి ఎందుకు చెప్తున్నానంటే, రేపు నీకు పని ఇచ్చేవాడు చూసేది ఇదే. ఫేజ్ బదులు న్యూట్రల్‌ని స్విచ్‌లో వేసి వెళ్లిపోయే మేస్త్రీలు చాలామంది ఉన్నారు. అలా వేసిన ఇంట్లో స్విచ్ ఆపినా హోల్డర్‌లో 230 వోల్టులు ఉంటాయి, బల్బు మార్చబోయిన మనిషి ప్రాణం పోవచ్చు. కాబట్టి ఈ పని సరిగ్గా నేర్చుకోవడం చిన్న విషయం కాదు.

దారులు కూడా తక్కువేం కాదు. రెండేళ్ల ట్రేడ్ పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్ చెయ్, దాన్ని మాత్రం వదులుకోవద్దు. డిస్కంలలో (కరెంటు పంపిణీ సంస్థల్లో) జూనియర్ లైన్‌మన్ పోస్టులకి ఈ ట్రేడే అడుగుతారు (స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది, ఇప్పటినుంచే అలవాటు చేసుకో), రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కీ అర్హత ఉంది. చదువు మీద మనసుంటే లేటరల్ ఎంట్రీలో పాలిటెక్నిక్ డిప్లొమా నేరుగా రెండో సంవత్సరంలోకి వెళ్లొచ్చు. కంప్యూటర్ నిజంగా ఇష్టమైతే అది వేరే మాట, కానీ నీ ఉత్తరంలో ఇష్టం గురించి ఒక్క ముక్కా లేదు, ఉన్నదంతా భయమే.

ఈ వారం ఇలా చెయ్. ఒక చెక్క ముక్క, రెండు టూ వే స్విచ్‌లు, ఒక హోల్డర్, కొంచెం 1.5 స్క్వేర్ (1.5 చదరపు మిల్లీమీటర్ల) వైరు కొనుక్కో. ముందు కాగితం మీద గీయి, తర్వాత కనెక్షన్ ఇచ్చి కరెంటు పెట్టకుండా బజర్‌తోనే రెండు స్విచ్‌లూ నాలుగు రకాలుగా మార్చి చూడు. సరిగ్గా ఉందనిపించాక సప్లై మాత్రం ఐటీఐలో మీ సార్ పక్కన ఉన్నప్పుడే ఇవ్వు, ఇంట్లో వద్దు. అప్పటికీ వెలగకపోతే నువ్వు గీసిన బొమ్మ ఫోటో తీసి నాకు పంపు, ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం.