ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తే పాప చదువులో వెనకబడుతుందా?

అత్తగారు ఊరికి వెళ్లిపోతున్నారు, రెండేళ్ల పాపను డేకేర్‌లో వేస్తే ముందు ముందు చదువు దెబ్బతింటుందేమో, ఉద్యోగం మానేయనా అని మీరు అడిగారు. ఆ ఒక్క భయంతో మానకండి. మీరు లేని ఎనిమిది తొమ్మిది గంటలూ పాపతో ఎవరుంటున్నారు, ఎంత మాట్లాడుతున్నారు అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

అమెరికాలో 1991లో మొదలుపెట్టి 1,300 మందికి పైగా పిల్లల్ని పసితనం నుంచి పదిహేనేళ్ల వరకు గమనించారు. చిన్నప్పుడు మంచి సంరక్షణ దొరికినవాళ్లు చదువులో కాస్త ముందున్నారు. కానీ అంతకంటే ఇంటి ప్రభావమే ఎక్కువని తేలింది. మరీ ఎక్కువ గంటలు బయట ఉన్న పిల్లల్లో కొంత దుడుకుతనం కనిపించింది. అందుకే మీరిద్దరూ ఒకరు ముందు, ఒకరు వెనక బయల్దేరేలా షిఫ్టులు సర్దుకుని, పాప అక్కడుండే సమయాన్ని ఎనిమిది గంటలు దాటనీయకండి. తమిళనాడులో కొన్ని అంగన్‌వాడీలకు ఒక్కో కార్యకర్తను అదనంగా ఇచ్చి చూస్తే చదువు చెప్పే సమయం రెట్టింపై, పిల్లలు భాషలోనూ లెక్కల్లోనూ మెరుగయ్యారు. అంతా మనిషి తోడులోనే ఉంది.

కాబట్టి డేకేర్ చూడటానికి చెప్పకుండా వెళ్లండి, అదీ రెండుసార్లు. పొద్దున పదకొండింటికి వెళ్తే ఆయాలు పిల్లలతో మాట్లాడుతున్నారో లేదో తెలుస్తుంది. సాయంత్రం నాలుగింటికి, నిద్ర లేచాక వెళ్తే టీవీ ముందు కూర్చోబెట్టారో లేదో తెలుస్తుంది. మూడేళ్లలోపు పిల్లలు ఒక ఆయాకు నలుగురైదుగురు మించితే తినిపించడం, కడగడం, పడుకోబెట్టడంతోనే రోజు అయిపోతుంది, కబుర్లకు తీరికుండదు. ఆయాలు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో తప్పకుండా అడగండి. రెండు మూడు నెలలకోసారి మనిషి మారితే పాప ప్రతిసారీ కొత్తగా మచ్చిక కావాలి. ఆయా తనకు బాగా వచ్చిన భాషలోనే, తెలుగో హిందీయో, ధారాళంగా మాట్లాడటం మేలు. ముక్కల ఇంగ్లీషు వద్దు. రెండేళ్లకే అక్షరాలు దిద్దిస్తామంటే మురిసిపోకండి, ఆ వేళ్లకింకా పట్టు రాదు.

అత్తగారు ఉండగానే మొదలుపెట్టండి. మొదటి వారం మీరు పక్కనుండగా గంట, రెండో వారం మీరు లేకుండా రెండు మూడు గంటలు, మూడో వారం మధ్యాహ్నం నిద్ర దాకా. పాప చూడకుండా జారుకోవద్దు. అలా చేస్తే మర్నాటి నుంచి గేటు దగ్గరే గట్టిగా పట్టుకుంటుంది. చెప్పే వెళ్లండి, ఏడ్చినా సరే.

యాభై మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే సంస్థ క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలని, రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డను చూసొచ్చే వీలివ్వాలని 2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టంలో చేరింది. మీ హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

సాయంత్రం ఇంటికొచ్చాక మొదటి అరగంట ఫోన్ పక్కన పెట్టండి. వంట ఆపక్కర్లేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ పాపకూ నాలుగు ఇచ్చి కబుర్లు చెప్పండి.

మూడో తరగతి చదివే పెద్దమ్మాయి ఉందన్నారు. దయచేసి సాయంత్రాలు చెల్లిని ఆమెకు అప్పగించకండి. పల్లెల్లో పత్తి ఏరే రోజుల్లో బడి మానేది చంటిపిల్లల్ని ఎత్తుకున్న అక్కలే. పట్నంలో బడి మానకపోవచ్చు గానీ హోంవర్క్ వేళ పోతుంది. ఎనిమిది గంటలు దాటకుండా చూసుకుని డేకేర్‌కు ఇంకో గంట డబ్బు కట్టాల్సి వచ్చినా సరే, ఆ వేళ పెద్దమ్మాయికే ఉంచండి.