హిప్పీల ఆదర్శాలలో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి?

1960లలో అమెరికా యువత పాత కట్టుబాట్లను కాదని నడిపిన హిప్పీ ఉద్యమం చివరికి ఏమైందని, వారి ఆదర్శాలలో ఈనాటికి ఏమైనా మిగిలిందా అని అడిగారు. ఉద్యోగరీత్యా చాలాకాలంగా శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాలలో ఉంటున్నాను కనుక, ఇక్కడ చూసినదాన్ని బట్టి చెబుతాను. పని లేకుండా, డబ్బు లేకుండా బతకవచ్చుననుకున్న హిప్పీల జాడ దాదాపుగా లేదు. ఏదో ఒక పనిని భుజాన వేసుకుని, దానికొక పద్ధతి ఏర్పరచుకున్నవారు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా, ఒకప్పుడు హిప్పీలకు నెలవైన ఇక్కడి హైట్-ఆష్‌బరీ పేటను చూపించమంటారు. రంగులు చిమ్మినట్టుండే చొక్కాలు, అగరువత్తులు, పాత పాటల రికార్డులు అమ్మే దుకాణాలు తప్ప అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు. 1960లలో ఆ పాత చెక్క ఇళ్ల అద్దె చౌక కాబట్టే, ఒక్కో ఇంట్లో పదిమంది కుర్రకారు చేరి ఉద్యోగం లేకుండా నెట్టుకురాగలిగారు. నేడు ఆ ఇళ్లు కొనాలంటే పది లక్షల డాలర్లకు పైమాటే. ఈ చౌక అద్దెల సంగతి హిప్పీల గురించి రాసేవారు ఎందుకో అంతగా పట్టించుకోరు. 1967 వేసవిలో దేశం నలుమూలల నుంచి యువత వేలాదిగా వచ్చిపడితే, పత్రికలు, టీవీలు తమను వింత వస్తువులను చేశాయని విసిగిపోయిన అక్కడివారే అక్టోబరు 6న శవపేటిక మోసుకుంటూ హిప్పీకి ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపారు. లక్షలాది మంది చేరిన ఊడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగింది ఆ తరువాత దాదాపు రెండేళ్లకు.

అదే 1967లో, అదే పేటలో, డేవిడ్ స్మిత్ అనే యువ వైద్యుడు ఒక ఉచిత వైద్యశాలను తెరిచారు. మత్తుమందులు వికటించినవారినీ, సుఖవ్యాధులు సోకినవారినీ ఈసడించుకోకుండా చూసిన చోటు అది. వైద్యం హక్కే తప్ప కొందరికి మాత్రమే దక్కే సదుపాయం కాదన్నది వారి నినాదం. తరువాత అమెరికాలో వెలసిన ఎన్నో ఉచిత వైద్యశాలలకు అది దారి చూపింది. ఆ వేసవి విడిచిపెట్టిన మంచిలో దీన్నే నేను ముందు లెక్కిస్తాను.

మేము పప్పులు, మసాలా దినుసులు కొనే రెయిన్‌బో గ్రోసరీ కూడా ఆ కోవలోదే. 1975 ప్రాంతంలో మొదలైన ఈ దుకాణంలో మాంసం అమ్మరు. పెద్ద డబ్బాలలోంచి మనకు కావలసినంత తూచి తీసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ పనిచేసేవారే దాని యజమానులు. ధరలు చౌకేమీ కావు. సేంద్రియ ఆహారం అనే ఆలోచనను పెద్ద కంపెనీలు ఎప్పుడో అందిపుచ్చుకున్నాయి. 1980లో ఆస్టిన్‌లో చిన్న దుకాణంగా మొదలైన హోల్ ఫుడ్స్‌ను 2017లో అమెజాన్ 1,370 కోట్ల డాలర్లకు కొన్నది. తిండి మిగిలింది గాని, దుకాణం ఎవరిదన్న ప్రశ్న మాత్రం రెయిన్‌బో వంటి కొద్దిచోట్లకే పరిమితమైపోయింది.

మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ తన యౌవనంలో టెనెసీలోని ‘ది ఫార్మ్’ అనే సమష్టి గ్రామంలో కొన్నేళ్లు ఉన్నారు. స్టీఫెన్ గాస్కిన్ అనే హిప్పీ నాయకుడి వెంట శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బస్సులలో బయలుదేరినవారు 1971లో దాన్ని స్థాపించారు. చేరినవారు తమ ఆస్తినంతా గ్రామానికి అప్పగించేవారు. జనం వెయ్యి దాటారు, అప్పులు పెరిగాయి. 1983లో ఉమ్మడి ఖజానాను ఎత్తివేసి, ఎవరి సంపాదన వారిదేనని, గ్రామ ఖర్చులకు నెలనెలా ఇంత కట్టాలని తీర్మానించారు. చాలామంది వెళ్లిపోయారు, ఆవిడా వచ్చేశారు. అయినా ఆ రోజుల గురించి ఆవిడ చేదుగా మాట్లాడటం నేను వినలేదు. గ్రామం ఇప్పటికీ ఉంది, భూమి ఇప్పటికీ ఉమ్మడిదే. అక్కడ ఆయన భార్య ఇనా మే గాస్కిన్ నడిపిన మంత్రసానుల బృందం, ఆస్పత్రి కాన్పులకే అలవాటుపడిన అమెరికాలో మంత్రసాని వృత్తికి మళ్లీ గౌరవం తెచ్చింది.

ఇక నా సాఫ్ట్‌వేర్ రంగం సంగతి. హిప్పీలు స్వయంగా బతకడానికి కావలసిన పనిముట్లను పరిచయం చేస్తూ 1968లో ఒక కేటలాగును ప్రచురించిన స్టూవర్ట్ బ్రాండే, 1985లో ‘ది వెల్’ అనే తొలితరం ఆన్‌లైన్ చర్చావేదికను ప్రారంభించినవారిలో ఒకరు. సమాచారాన్ని అందరూ పంచుకోవాలన్న ఆ పట్టుదలలో కొంత, ప్రోగ్రాముల కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచే ఓపెన్ సోర్స్‌లో మిగిలింది. కాని, మనం ఉచితంగా పంచుకున్నదాని మీద ప్రకటనలు అమ్ముకునే కంపెనీలు కూడా ఈ సిలికాన్ లోయలోనే పుట్టాయి. వాటి జీతాలతోనే మావంటి తెలుగు కుటుంబాలు వేలాదిగా ఇక్కడ స్థిరపడ్డాయి గనుక, ఈ విమర్శ చేయడానికి నాకున్న అర్హత తక్కువే. గంజాయి విషయం రెండు ముక్కలలో తేలిపోతుంది: 2016 ఓటింగుతో కాలిఫోర్నియాలో పెద్దలకు అది చట్టబద్ధమైంది, ఇప్పుడు పన్ను కట్టే వ్యాపారమైంది.

పాత ఆదర్శం ఏ మార్పూ లేకుండా ఎక్కడైనా నడుస్తోందా అంటే, 1967లోనే మొదలైన వర్జీనియాలోని ట్విన్ ఓక్స్ పేరు చెబుతాను. సుమారు వందమంది ఉండే ఆ గ్రామంలో ఆదాయం నేటికీ ఉమ్మడిదే. దశాబ్దాలపాటు ఊయలలు అల్లి, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ వంటిది) తయారుచేసి అమ్ముకుంటూ వచ్చారు. ప్రతివారూ వారానికి ఇన్ని గంటలని పని చేసి తీరాలి. వంట చేయడం, పిల్లలను చూసుకోవడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి.