బుజ్జీ, తొట్టెలో పొన్న పెడతావా!

బుజ్జీ,

హైదరాబాదు ఫ్లాటులో అద్దాల తొట్టె కట్టించి, ఉప్పునీళ్ళు పోసి, అందులో మన మడ అడవి పొన్న మొక్కలు పెంచుతావట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముందు నవ్వొచ్చింది నాకు. మా రోజుల్లో మడ అడవంటే వంటచెరుకు, దోమలు, మోకాలి లోతు బురద, అంతే. అలాంటిది కోరంగి పిల్ల ఆ చెట్టుని హాల్లో పెట్టుకుంటుందంటే గొప్పగా అనిపించి మీ పెద్దమ్మకి చెప్పిందే చెప్పాను, విసుక్కుంది. ఆ తర్వాత టెన్షన్ మొదలైంది. ఎందుకో చెబుతాను, ముందు చిన్న సంగతులు అయిపోనీ.

కాయలు ఇక్కడి అడవిలోంచి తేకు. 1978 నుంచీ అది అభయారణ్యం, కింద రాలిన కాయయినా అనుమతి లేకుండా తియ్యకూడదు. మా పెదనాన్న లోకలే అని గేటు దగ్గర నా పేరు వాడావో, ఊరుకోను. నర్సరీలో కొను, బిల్లు తీసుకో. తిల్ల అని ఇంకో మడ అడవి మొక్క ఉంటుంది, అది ఫ్రీగా ఇస్తామన్నా వద్దను, దాని పాలు కంట్లో పడితే ఇంక చూపు ఆనదు, మంట.

పొన్న విత్తనం చెట్టు మీదుండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది కదా, ఆ కాయనే తీసుకోవాలి. గోధుమరంగు మొన కిందికి, మొగ్గ పైకి. తలకిందులుగా గుచ్చిన చదువుకున్నవాళ్ళని చూశాను కాబట్టి చెబుతున్నా. రెండంగుళాలు ఇసకలో ఉంటే చాలు, మొగ్గ ఎప్పుడూ నీటికి పైనే ఉండాలి. వేళ్ళకి వారాలు, ఆకులకి నెలలు పడతాయి. బతికుందో లేదో అని పీకి చూడకు. చిన్నప్పుడు మెంతులు చల్లి పొద్దున్నే తవ్వి చూసేదానివి, మళ్ళీ అవి మొలవలేదని ఏడుపు! పొడుగైపోతే లేత చివర మాత్రమే తుంచు. కట్టెలు కొట్టేవాళ్ళనెవరినైనా అడుగు, మడ అనే చెట్టుని నరికితే మోడు చిగురిస్తుంది, పొన్నని ముదురు దాకా కొడితే ఇంక లేవదు.

ఏటి బురద వద్దు, తొట్టెలో కుళ్ళి కంపు కొడుతుంది. కల్లుప్పు కూడా వద్దు. ఉప్పు మడుల్లో గడ్డ కట్టాక మిగిలిన చేదునీళ్ళు తీసేస్తారు, మెగ్నీషియం చాలామటుకు వాటితోనే పోతుంది. అక్వేరియం షాపులో అమ్మే సముద్రపు ఉప్పు కొని ఆర్వో నీళ్ళలో కలుపు, లీటరుకి 35 గ్రాములు. పొన్న ఒక్కటే అయితే అంతకంటే తక్కువైనా హాయిగా పెరుగుతుంది, నువ్వు చేపలు కూడా అంటున్నావు కాబట్టి అంత.

ఇక అసలు సంగతి. మీ నాన్న రొయ్యల చెరువు గురించి నీకు పూర్తిగా చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు, టైగర్ రొయ్య అంటే బంగారం అని ఊరంతా ఊగిపోతున్న రోజులు. వాడూ చెరువు లీజుకి తీసుకున్నాడు. మొదటి పంట బాగుంది. రెండోది వేసవిలో పడింది. డెల్టా కాలువలు మూసేశారు, ధవళేశ్వరం ఆనకట్ట దిగువకి నీళ్ళు లేవు, ఏరు సముద్రమంత ఉప్పగా ఉంది. ఎండకి చెరువు రోజూ దిగిపోయేది. గట్టు పక్కన కర్ర పాతి గీత పెట్టుకున్నాడు, నీళ్ళు ఆ గీతకి తగ్గకూడదని వాడి పట్టుదల. పోటు రాగానే ఇంజను పెట్టి తోడడం, గీత దాకా నింపడం. పాత నీరు వదలరా, వదిలి కొత్తది పెట్టరా అంటే వినలేదు, మందులు వేసిన నీరు, మేత తిన్న నీరు, డబ్బులు పోసి తయారుచేసుకున్న నీరు అనేవాడు. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అన్నది వాడి లెక్క. రొయ్య మేత ముట్టడం మానేసింది, పెంకు విడవడం మానేసింది, ఎదుగుదల ఆగిపోయింది, ఒక పొద్దున గట్టు వారన తేలడం మొదలైంది. నీళ్ళు మాత్రం గీత దగ్గరే ఉన్నాయి. ఆ అప్పు తీర్చడానికే కదా మీ వాళ్ళు హైదరాబాదు చేరింది.

అందరూ రోగం అన్నారు, నేనూ అన్నాను. కొన్నేళ్ళకి స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, అటవీ శాఖ కలిసి మడ పెంచడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించినప్పుడు నేనూ కూలికి వెళ్ళాను. చెట్లు కొట్టేసిన పల్లాల్లో పోటు నీరు నిలిచిపోయి, ఎండకి ఎండి, ఉప్పు పేరుకుని ఏదీ మొలవడం లేదు. పోటుకి వచ్చిన నీరు పాటుకి పోయేలా కాలువ తవ్వాకే మడ పట్టుకుంది. అక్కడ పార పట్టుకుని ఉండగా అర్థమైంది నాకు ఆ చెరువులో ఏం జరిగిందో.

నీ తొట్టెలోనూ అంతే. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు కాదు. వంద లీటర్లలో మూడున్నర కిలోల ఉప్పుంటుంది. ఇరవై లీటర్లు ఆవిరయ్యాయనుకో, ఆ లోటు మళ్ళీ ఉప్పునీళ్ళతో నింపితే ఇంకో 700 గ్రాములు లోపల చేరినట్టు. తగ్గిన నీటికి బదులు ఎప్పుడూ మంచినీళ్ళే పొయ్యి, అదీ రోజూ కాస్త కాస్త. కొంత నీరు తోడేసి మార్చేటప్పుడు మాత్రమే ఉప్పు కలిపినవి. ఈ రెండూ కలగాపులగం చేశావంటే హైదరాబాదొచ్చి మరీ తిడతాను. ఉప్పు కొలిచే మీటరు మొక్క కంటే ముందు కొను, లైటు తర్వాతయినా పరవాలేదు. ఇంట్లో వాన పడదు కాబట్టి ఆకుల మీద కూడా మంచినీళ్ళు చిలకరిస్తూ ఉండు. రాలిన ఆకు వెంటనే తీసెయ్యి. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకెళ్ళేలా పెట్టించు, తడి ప్లగ్గులోకి జారకుండా.

నువ్వు ఆఫీసు పనిలో పడి మర్చిపోతావు, నాకు తెలుసు. మీ నాన్న ఇప్పుడు ఖాళీగానే ఉంటున్నాడు కదా, ఆ మంచినీళ్ళు పోసే పని వాడికి అప్పజెప్పు. గీత పెట్టుకుని, నీకంటే జాగ్రత్తగా పోస్తాడు.

మీ పెదనాన్న