మోకాలి కింద ఎముక నొప్పి: 1600 మీటర్ల సాధన ఆపాలా, కొనసాగించాలా?

కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు వంటి శారీరక పరీక్షలు) కోసం కర్నూలులో సాధన చేస్తున్నానని, మోకాలి కింద లోపలివైపు ఎముక మూడు వారాలుగా నొప్పి పెడుతోందని, పరీక్షకు పది వారాలే ఉందని మీరు రాశారు. నొప్పి మాత్ర వేసుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని పరుగెత్తమని తోటివాళ్లు అంటున్నారట. దయచేసి ఆ పని చేయవద్దు. మాత్ర నొప్పిని అణచగలదు గాని ఎముక మీద పడే భారాన్ని తగ్గించలేదు.

అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు నేను 800, 1500 మీటర్ల పరుగుల్లో పోటీ చేసేదాన్ని. నాకూ ఇదే చోట నొప్పి మొదలై, చివరికి ఎముకలో సన్నటి పగులని తేలింది. డాక్టర్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ అనేది దీన్నే. ఇప్పటికీ పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పరుగెత్తుతుంటాను. అక్కడికి వచ్చే పోలీసు అభ్యర్థుల్లో ఈ నొప్పితో కుంటేవాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరు కనిపిస్తారు.

ముందు నొప్పి ఎంత మేర ఉందో చూసుకోండి. కుర్చీలో కూర్చుని ఆ కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, ఎముక లోపలి అంచు వెంట చీలమండ దాకా బొటనవేలితో కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ రండి. అరచేతి పొడవున అంతటా సలుపుతుంటే, పరుగు మొదట్లో బాధించి ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే పగులు లేకుండా ఎముక అంచు వెంట వచ్చే నొప్పి. అలా కాక రూపాయి బిళ్లంత చోటే ప్రాణం లాగేస్తుంటే, పరుగెత్తేకొద్దీ పెరుగుతుంటే, రాత్రి పడుకున్నా వదలకపోతే పగులును అనుమానించాలి. నాకు చీలమండకు జానెడు పైన అలాంటి చోటు ఉండేది. మిగతా కాలంతా ఎంత గట్టిగా నొక్కినా ఏమీ అనిపించేది కాదు, అక్కడ వేలు తగలగానే కాలు దానంతటదే వెనక్కి పోయేది.

అలాంటి చోటు దొరికితే పరుగు ఈరోజే ఆపి ఎముకల డాక్టరును కలవండి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. మొదటి రెండు మూడు వారాల్లో ఈ పగులు ఎక్స్‌రేకు తరచుగా చిక్కదు. నాకూ ఎమ్మారై తీస్తేనే బయటపడింది. ఆ చోటు ఎముక ముందువైపు అంచు మీద ఉంటే మరీ జాగ్రత్త: అక్కడి పగులు త్వరగా మానదు, పూర్తిగా విరిగే ప్రమాదమూ ఉంది.

గుండె, ఊపిరి కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటుపడతాయి. ఎముక అలా కాదు. పెరిగిన భారానికి తగ్గట్టు మారేటప్పుడు అది ముందు పాత భాగాన్ని తొలగించుకుని, ఆ తర్వాత కొత్తది పేర్చుకుంటుంది. తొలగింపు వారాల్లో అయిపోతే, పూడటానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలోనే పగులుతుంది. 1855లోనే బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు కవాతు చేసే సైనికుల పాదాల్లో ఈ బాధను గుర్తించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రేలే లేవు. మన రాష్ట్రంలోనూ ఈ భారం ఒక్కసారిగా ఎలా పడుతుందో చూడండి: కానిస్టేబుల్ ఉద్యోగాల 2022 నవంబరు నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ 2023 జనవరిలో జరిగాయి, ఈవెంట్స్ మాత్రం 2024 డిసెంబరు చివరికి గాని మొదలుకాలేదు. తేదీలు రాగానే, అంతవరకు పుస్తకాల ముందు కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా రెండు పూటలా పరుగు అందుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను, ఉద్యోగం అవసరం అలాంటిది.

మైదానంలో మిమ్మల్ని ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. నెలసరి సక్రమంగా వస్తోందా? నాకు కొన్ని నెలలు ఆగిపోయింది. గట్టిగా సాధన చేసే అమ్మాయిలకు అది మామూలేనని మా జట్టులో అందరం అనుకునేవాళ్లం. మామూలు కాదు. తినే తిండి చేసే శ్రమకు చాలనప్పుడు శరీరం ముందుగా దాన్నే ఆపేస్తుంది, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఎముక పలచబడుతుంది. ఈ తిండి కొరతకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ (RED-S) అని ప్రత్యేకంగా ఒక పేరు పెట్టింది, మగవాళ్లకూ వస్తుందని చెప్పింది. హాస్టల్లో ఉండి, పరగడుపున నాలుగు రౌండ్లు కొట్టి, బరువు పెరుగుతుందని రాత్రి అన్నం మానేసే పిల్లలను చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. పరుగుకు ముందు అరటిపండో, వేరుశనగ ఉండో తినండి. మన రాగి సంగటిని చులకన చేయవద్దు, వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. నెలసరి తప్పుతుంటే స్త్రీల వైద్యురాలిని కలిసి విటమిన్ డి, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షల గురించి కూడా అడగండి.

షిన్ స్ప్లింట్సే అయితే పరుగును సగానికి తగ్గించి, తారురోడ్డు మాని మట్టి మీద పరుగెత్తండి. మెట్టు అంచున ముందరి పాదాల మీద నిలబడి మడమలు ఎత్తి దించే వ్యాయామం, మోకాలు నిటారుగా ఒకసారి, కొంచెం వంచి ఒకసారి, రోజు విడిచి రోజు చేయండి. అడుగు కాస్త చిన్నది చేసి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను ఐదు నుంచి పది శాతం పెంచితే ఆ ఎముక మీద భారం తగ్గుతుంది.

పగులే అయితే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఉండదు. డాక్టరు సరేనంటే సైకిలు తొక్కండి, దమ్ము నిలుస్తుంది. నన్ను ఎక్కువగా బాధించింది నొప్పి కన్నా ఇంట్లో కూర్చోవడమే. అందుకే రోజూ మైదానానికి వెళ్లి స్టాప్‌వాచ్ పట్టుకుని స్నేహితురాళ్లకు రౌండ్ల సమయం చెప్పేదాన్ని. అది నన్ను నిలబెట్టింది. నొక్కినా నొప్పి లేక, అరగంట వేగంగా నడవగలిగాక, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టాలి. మర్నాడు పొద్దున ఆ చోట నొప్పి లేకపోతేనే తర్వాతి మెట్టు.

మహిళలకు 1600 మీటర్లకు 10 నిమిషాల 30 సెకన్లు ఇస్తారు, అంటే 400 మీటర్ల రౌండుకు సుమారు 2 నిమిషాల 37 సెకన్లు. షిన్ స్ప్లింట్స్ అయితే పది వారాల్లో ఇది అందుతుంది. పగులైతే కష్టమే, మీకు అబద్ధం చెప్పను. ఏ సంగతో ఈ వారంలోనే తేల్చుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు గత రెండు నెలల్లో ఏ వారం ఎంత పరుగెత్తారో, నెలసరి ఎప్పుడెప్పుడు వచ్చిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, వాళ్లు అడగకపోయినా చూపించండి.