ఆరో హెన్రీది పిచ్చా, మెతకతనమా?

ప్రశ్న: మేడమ్, ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ కన్నకొడుకునే గుర్తుపట్టలేదట, నిజమేనా? భార్య పెత్తనం వల్లే రాజ్యం పోయిందని మా నోట్సులో ఉంది. మనవైపు ఇలాంటి రాజులున్నారా?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: కొడుకు సంగతి నిజమే తల్లీ. 1453 ఆగస్టులో ఆయనకు ఉన్నట్టుండి మాటా పలుకూ ఆగిపోయాయి. అక్టోబరులో కొడుకు పుట్టాడు. బకింగ్‌హామ్ డ్యూక్ అనే పెద్ద ప్రభువు బిడ్డను ఎత్తుకొచ్చి చూపిస్తే ఉలకలేదు. రాణి మార్గరెట్ తానే తెచ్చి చూపిస్తే ఒకసారి చూసి కళ్లు దించుకున్నాడు, అంతే. 1454 క్రిస్మస్‌కు తేరుకున్నాక రాణి మళ్లీ బిడ్డను తెచ్చింది. 'పేరేం పెట్టారు?' అని అడిగాడు. ఎడ్వర్డ్ అనగానే చేతులెత్తి దేవుడికి దండం పెట్టాడు. పిల్లాడికి అప్పటికి ఏడాది దాటింది! హెన్రీ తల్లిని కన్న తండ్రి, ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్, తన ఒళ్లు గాజుదని, ఎవరైనా తగిలితే పగిలిపోతానని భయపడేవాడు. జబ్బు అటునుంచే వచ్చిందని చాలామంది అంటారు.

అయితే అంతా జబ్బు మీదికి తోసేయడం నాకు నచ్చదు. జబ్బుకు ముందే 1437లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతపు భూముల అజమాయిషీ బాన్‌విల్ అనే ఆయనకిచ్చాడు. 1441లో దాదాపు అదే పదవి డెవన్ ఎర్ల్ అనే మరో ప్రభువుకీ రాసిచ్చాడు. ఇంకేముంది, ఇద్దరూ కొట్టుకున్నారు. అడిగినవాడికి లేదనడం ఆయనకు చేతకాదు. తొమ్మిది నెలల పసివాడికే రాజరికం వచ్చింది, పెద్దలు చూపిన చోట సంతకం పెట్టడం అలవాటైపోయింది. ఈటన్ స్కూలూ, కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీ ఆయన పెట్టినవే. కాలేజీ కరస్పాండెంట్‌గా ఉండుంటే భేషుగ్గా ఉండేవాడు.

ఇక మార్గరెట్ మాట. 1460లో హెన్రీ సొంత కొడుకును పక్కనబెట్టి, తన తర్వాత సింహాసనం, అది తనదేనని పోరాడుతున్న బంధువు యార్క్ డ్యూక్ రిచర్డ్‌కు పోతుందని ఒప్పేసుకున్నాడు. ఏ తల్లి ఊరుకుంటుంది? ఆమె సైన్యం కూడగడితే అది పెత్తనమట! నీ నోట్సు రాసినాయన్ను ఈ సంగతి అడుగు. ఆ కొడుకు 1471 మే 4న ట్యూక్స్‌బరీ యుద్ధంలో చనిపోయాడు. అదే నెల 21 రాత్రి లండన్ టవర్ కోటలో బందీగా ఉన్న హెన్రీ కథ కూడా ముగిసింది. దిగులుతో పోయాడని గెలిచిన యార్క్ పక్షంవాళ్లు చెప్పుకున్నారు. చంపించారనే చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట.

మనవైపు అడిగావు కదా, 1465లో విజయనగర సింహాసనమెక్కిన రెండో విరూపాక్షుడు ఉన్నాడు. ఆయన హయాంలోనే గోవా బహమనీల పాలైంది. చివరికి కొడుకే చంపాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. తర్వాత మన చంద్రగిరి నుంచి ఏలుతున్న సాళువ నరసింహుడు 1485లో సింహాసనం ఆక్రమించాడు. అదే ఏడాది బాస్‌వర్త్ యుద్ధం గెలిచి ఇంగ్లండ్ రాజైన హెన్రీ ట్యూడర్ ఎవరనుకున్నావు? మన ఆరో హెన్రీ తల్లికి రెండో పెళ్లి వల్ల పుట్టిన తమ్ముడి కొడుకే. రెండూ ఒకే సంవత్సరం కాబట్టి బిట్ పేపర్‌కు పనికొస్తుంది, గుర్తుపెట్టుకో.