రాపామైసిన్‌కు రెండు పీకులు: బ్యాచ్ పారేయకండి

ఆ రెండో పీక్ చాలావరకు మలినం కాదండీ, రాపామైసిన్ ఐసోమరే (అవే పరమాణువులు, అమరిక మాత్రం వేరు). ముసలి చిట్టెలుకలకు పెట్టబోయే ఈ మందు హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి పీకులుగా చూపే పరీక్షలో) పెద్ద పీక్ పక్కన చిన్నది చూపిస్తోందని, ప్యూరిటీ పడిపోయిందని టెన్షన్ పడుతున్నారు కదా. ద్రావణంలో రాపామైసిన్ బి, సి అనే రెండు రూపాల్లో ఉంటుంది. బి ఎక్కువ, సి తక్కువ. నెమ్మదిగా ఒకటి ఇంకొకటిగా మారుతుంటాయి.

1. ఉత్త డైల్యూయెంట్ (మందును కరిగించే ద్రవం) ఇంజెక్ట్ చేయండి. అందులోనూ ఆ పీక్ ఉంటే తప్పు మందుది కాదు.

2. స్టాండర్డ్ (స్వచ్ఛత తెలిసిన రాపామైసిన్), శాంపిల్ ఒకే డైల్యూయెంట్‌లో, ఒకే వేళకు కలపండి. యూవీ డిటెక్టర్‌లో 278 నానోమీటర్ల దగ్గర చూడండి.

3. అందరూ వదిలేసేది ఇదే. చిన్న పీక్‌ను విడిగా పట్టండి. పెద్దదాని తోక తగలకుండా నడిమి భాగమే తీసుకోండి. వెంటనే ఒకసారి, రాత్రంతా చీకట్లో ఉంచి మరోసారి ఇంజెక్ట్ చేయండి. ఐసోమరైతే పొద్దున్నకి పెద్ద పీక్ మళ్ళీ మొలుస్తుంది. మలినమైతే రాదు.

మాస్ (అణుభారం) ఒక్కటే చూసి తేల్చకండి. రింగ్ తెగి పాడైన సెకో-రాపామైసిన్‌ది కూడా రాపామైసిన్ లాగే 914. బెంగళూరు దగ్గర బొమ్మసంద్రలో క్యూసీలో (నాణ్యత పరీక్ష విభాగంలో) ఉండగా మాస్ సరిపోయిందని ఓ చెడిన బ్యాచ్‌ను పాస్ చేయబోయాను. ఈ మూడో స్టెప్పే ఆపింది.

4. ఐసోమరని తేలితే రెండు పీకుల ఏరియా కలిపి లెక్క వేయండి. డోసు ఆ మొత్తం మీదే కట్టాలి.