పాటలో ఆ జవాను ఎక్కడున్నాడు?

తమ్ముడూ,

నియంత్రణ రేఖ దగ్గర పోయిన మన కల్లితండా జవాను మీద నువ్వు రాసి పంపిన పాట విన్నాను. లిరిక్‌ను కాగితం మీద రాసుకుని మరీ చదివాను, అందుకే జవాబు ఆలస్యమైంది. ఇలాంటి పాటకు "సూపర్" అని ఒక బొమ్మ పెట్టి ఊరుకోవడం నాకు చేతకాదు. పైగా నీకు రాయడం వచ్చు, యాస మీద పట్టుంది, తాళం తప్పవు, పాడేవాడికి ఊపిరి ఎక్కడ అందాలో చూసుకుని మాట ఆపుతావు. రాయడం రానివాడికైతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

నచ్చింది ముందు చెప్తా. రెండో చరణంలో, సెలవు మీద వచ్చిన జవాను గోరంట్లలో బస్సు దిగి, బ్యాగు భుజాన వేసుకుని తండా దాకా వచ్చే దారి రాశావే, దారిలో కనపడిన ప్రతివాళ్ళూ "ఎన్ని రోజులుంటావప్పా" అని అడగడం రాశావే, అక్కడ నేను ఆగిపోయాను. అది పాట. మిగతా చోట్ల సింహం ఉంది, పులిబిడ్డ ఉంది, నెత్తుటి తిలకం ఉంది, శత్రువు గుండెల్లో నిద్రపోవడం ఉంది. ఆ పల్లవిని కార్గిల్ జవానుకు పెట్టినా సరిపోతుంది, 2019లో పుల్వామాలో పోయిన 40 మందిలో ఎవరికి పెట్టినా సరిపోతుంది, రేపు విడుదలయ్యే సినిమాలో హీరో ఎంట్రీకి పెట్టినా సరిపోతుంది. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం పోగొట్టుకున్న మన కల్లితండా పిల్లోడు అందులో ఎక్కడున్నాడు? నేను వెతికాను, కనపడలేదు. నువ్వు కనపడ్డావు, నీ ఆవేశం కనపడింది.

నేను చెప్పాలనుకున్నదంతా ఇదే. దేశమంతా ఏడ్చే రోజున రాసే పాటలో పోయినవాళ్ళ కంటే రాసినవాడు పెద్దగా కనపడితే, ఆ పాట ఎంత బాగా కుదిరినా పోయినవాళ్ళకు దక్కదు.

తొందరపడి రాశావని ఎవరో తిట్టారని బాధపడ్డావు. నేనైతే దాన్ని తప్పు అనను. 1948 జనవరి 30న గాంధీని చంపేశాక, రాజేంద్ర కృష్ణ రాసి, హుస్న్‌లాల్ భగత్‌రామ్ బాణీ కట్టి, మహమ్మద్ రఫీ పాడిన 'సునో సునో ఏ దునియావాలో' పాట ఎన్నాళ్ళో ఆగలేదు, ఆ ఏడాదే వచ్చింది. రఫీని నెహ్రూ పిలిపించుకుని విన్నాడు. అది నిలబడింది ఎందుకంటే దానికి కథ ఉంది, ఆ మనిషి బతుకు మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంది. చైనా యుద్ధం 1962 నవంబర్‌లో ఆగింది, రెండు నెలలకే, 1963 జనవరి 27న, ఢిల్లీ నేషనల్ స్టేడియంలో లతా మంగేష్కర్ ప్రదీప్ రాసిన 'ఏ మేరే వతన్ కే లోగో' పాడింది. ఓడిపోయి తలొంచుకున్న దేశం ముందు శత్రువును తిట్టే పాట పాడి ఉంటే చప్పట్లు ఇంకా గట్టిగా పడేవేమో. ప్రదీప్ ఆ పని చెయ్యలేదు, తిరిగి రానివాళ్ళను తలుచుకోమన్నాడు. కాబట్టి రెండు రోజుల్లో రాశావా, రెండేళ్ళకు రాశావా అన్నది నాకు పట్టదు. ఎవరి వైపు చూస్తూ రాశావన్నదే నేను అడుగుతా.

బయటి దేశం సంగతి ఒకటి చెప్తా, ఇది నువ్వు తెలుసుకోవాలి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో వెయ్యికి పైగా రేడియో స్టేషన్లున్న ఒక పెద్ద కంపెనీలో ఒక జాబితా తిరిగింది, ఇప్పుడు ఈ పాటలు వెయ్యకపోతే మంచిదేమో అని. విమానం, మంట, కూలడం లాంటి మాట ఉంటే చాలు, నూట యాభైకి పైగా పాటలు అందులోకి ఎక్కాయి. నిషేధం కాదు, సూచన మాత్రమే. అందులో జాన్ లెనన్ 'ఇమాజిన్' కూడా ఉంది, శాంతి కోరే పాట! ఆ సెప్టెంబర్ 21నే అమెరికాలో పెద్ద టీవీ ఛానెళ్ళన్నీ కలిసి బాధితుల కోసం విరాళాల కార్యక్రమం పెడితే, గాయకుడు నీల్ యంగ్ వచ్చి పాడింది సరిగ్గా ఆ పాటనే. ఒకచోట ఇబ్బంది అనుకున్నది ఇంకోచోట ఓదార్పు అయింది. మొదటి పది రోజుల్లో ఏ పాట ఎవరిని గుచ్చుతుందో, ఎవరిని నిమురుతుందో అధికారులకూ తెలియదు, కంపెనీలకూ తెలియదు. అందుకే జాబితాలు చూసి భయపడకు, అలాగే నీ పాట అందరికీ ఓదార్పే అని ముందే నమ్మేయకు.

అక్కడ కోపం పాటలు కూడా బోలెడు వచ్చాయి, బాగా అమ్ముడుపోయాయి. కానీ నేను మళ్ళీ మళ్ళీ వినేది అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2002 జూలైలో తెచ్చిన 'ది రైజింగ్' ఆల్బమ్. ఆ పేరున్న పాటలో మాట్లాడేది ఒక ఫైర్‌మన్. ముందేముందో కనపడదు, వీపు మీద బరువు, పైకి ఎక్కుతున్నాడు. ఆ సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ సంఖ్య చెప్పి ఎవరైనా ఏడిపించొచ్చు, ఆయన ఒక్కడి ఊపిరి వినిపించాడు. నీ రెండో చరణం ఆ దారిలోదే అప్పా, అందుకే దాని మీద నాకు అంత ఆశ.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇందిరాగాంధీని చంపిన 1984లో రేడియోలో సినిమా పాటలు ఆపేసి రోజుల తరబడి విషాద వాద్యసంగీతమే వేశారు, మా తరానికి ఆ వాయిద్యాలు వింటేనే ఎవరో పెద్దవాళ్ళు పోయారన్న గుబులు. ఇప్పుడు అందరికీ ఒకే రేడియో లేదు, ఎవడి ఫోన్ వాడిదే. 2025 మే నెలలో ఐపీఎల్ వారం పాటు ఆగింది, అదే సమయంలో ఆపరేషన్ సిందూర్ పేరును సినిమా టైటిల్‌గా రిజిస్టర్ చేయించుకోవడానికి ముంబై నిర్మాతలు క్యూ కట్టారు, ఇంకా సరిహద్దులో తుపాకులు చల్లారకముందే. ఆ వార్త చదివి నాకు కడుపు మండింది, ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

అయితే అన్నీ ఆపేయాలనే వాళ్ళతో కూడా నేను ఏకీభవించను. వేసవిలో మన ఊళ్ళలో జాతర్లు, తిరునాళ్ళు. ఐపీఎల్ వారం ఆగితే ఆటగాడి ఇంట్లో పొయ్యి ఆగదు, ఆర్కెస్ట్రా రద్దయితే కీబోర్డ్ వాయించేవాడు ఆ నెల కంతు కట్టలేడు. రికార్డింగ్ డాన్స్ వద్దనుకుంటే వద్దు, హరిశ్చంద్ర నాటకం పెట్టమనండి. కాటిసీనులో జాషువా పద్యం అందుకున్నాక జనం ఎలా అయిపోతారో నువ్వూ చూసే ఉంటావు, ఎవరింట్లో పోయినవాళ్ళు వాళ్ళకు గుర్తొస్తారు. దుఃఖాన్ని మోయగలిగే వినోదం మనకు ఎప్పటినుంచో ఉంది, దాన్ని వాడుకోవాలి.

అంతకంటే పాతది ఇంకోటుంది. నార్పల దగ్గర గూగూడుకు పీర్ల పండక్కి వెళ్ళావా? వెళ్ళకపోతే ఈసారి వెళ్ళు. కుళ్ళాయిస్వామి కోసం వచ్చేవాళ్ళలో హిందువులే ఎక్కువ. క్రీస్తుశకం 680లో, ఎక్కడో ఇరాక్‌లోని కర్బలాలో, తాగడానికి నీళ్ళు కూడా అందక హతమైన ఇమాం హుస్సేన్, ఆయనవాళ్ళ కోసం, అగ్నిగుండం చుట్టూ తిరుగుతూ తెలుగులో పాడతారు మన సీమ పల్లెల్లో. పదమూడు వందల ఏళ్ళు దాటిపోయింది, దేశం వేరు, భాష వేరు, మతం వేరు. దాహంతో పోయినవాళ్ళ కథను వాన కోసం మొగులు చూసే అనంతపురం రైతు తన కథ చేసుకున్నాడు. ఒక విషాదం పాటగా అంతకాలం బతకాలంటే ఏం కావాలో అక్కడ నిలబడి విను. ఎవరు పోయారు, పేరేంటి, ఎవరికి ఏమవుతారు, ఆఖరికి ఏం అడిగారు, అన్నీ ఉంటాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటలు కూడా అంతే, 1847లో కోవెలకుంట్లలో ఉరి తీశారు, ఇవాళ్టికీ రేనాటిలో పాడుకుంటున్నారు.

ఇంకా దగ్గరగా కావాలంటే, చావింట్లో మన ఆడవాళ్ళు రాగం తీసి ఏడ్చే శోకాలు విను. రికార్డు చెయ్యమని చెప్పట్లేదు, ఫోన్ జేబులో పెట్టుకుని విను. చదువురాని అవ్వ కూడా "నువ్వు వీరుడివి నాయనా" అని ఏడవదు. నువ్వు తెస్తానన్న చీర ఏదిరా అంటుంది, చెనక్కాయ కోతకు వస్తానంటివి కదరా అంటుంది. పోయినవాడు మన కళ్ళముందుకు వచ్చి నిలబడతాడు. రచయితలుగా మనం నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది.

అందుకే మూడో చరణం గురించి గట్టిగా చెప్తున్నా, కోపం తెచ్చుకోకు. అందులో ఒక మతం మొత్తాన్ని కలిపి ఒక మాట అన్నావు. అది తీసెయ్. పహల్గాంలో 2025 ఏప్రిల్ 22న ఉగ్రవాదుల చేతిలో చనిపోయిన 26 మందిలో విశాఖపట్నం మనిషి ఉన్నాడు, కావలి మనిషి ఉన్నాడు, యాత్రికులను గుర్రం మీద తిప్పే కాశ్మీరీ ముస్లిం కూడా ఉన్నాడు. ఆ మాట ఉంటే నీ పాట చనిపోయినవాళ్ళలో ఒకణ్ణి బయటికి గెంటినట్టే. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయ కొట్టే సీమలో పుట్టినవాడివి నువ్వు, నీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. చంపినవాళ్ళ మీద కోపం రాయి, ఎంతైనా రాయి, నేనూ రాస్తా.

యూట్యూబ్‌లో పాటకు పెట్టిన థంబ్‌నెయిల్ కూడా మార్చు. శవపేటిక పక్కన ఏడుస్తున్నవాళ్ళ ముఖాలు పెద్దవి చేసి, వాటి మీద ఎర్ర అక్షరాలతో నీ ఛానెల్ పేరు వేశావు. ఎడిట్ చేసినోడు వేశాడని అంటావేమో, పాట నీది కాబట్టి అడిగేది నిన్నే. వాళ్ళను అడిగి పెట్టావా? అడగకుండా పెట్టే హక్కు మనకు లేదు.

డబ్బు సంగతి. యాడ్స్ ఆన్ చేసి ఉన్నాయని చూశాను, వచ్చింది తండాకే ఇస్తానని కింద రాశావు. నీ మంచితనం మీద నాకు అనుమానం లేదు, కానీ ఇది మంచితనంతో తెమిలే పని కాదు. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971 ఆగస్టు 1న సితార్ రవిశంకర్, బీటిల్స్ జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో కచేరీ పెట్టారు, అలాంటి పెద్ద సహాయ కచేరీల్లో అదే మొదటిది. టికెట్ల డబ్బు యూనిసెఫ్‌కు చేరింది. రికార్డుల మీద, సినిమా మీద వచ్చింది మాత్రం, పన్ను మినహాయింపు ఏర్పాటు ముందుగా చేసుకోకపోవడంతో, ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయింది. ప్రదీప్ తన పాట రాయల్టీ యుద్ధ వితంతువులకు ఇచ్చేశాడు, ఆ డబ్బు చేరక 2005లో బొంబాయి హైకోర్టు రికార్డు కంపెనీకి 10 లక్షలు కట్టమని చెప్పాల్సి వచ్చింది. అంత పెద్దవాళ్ళ పాటలకే అలా అయింది. 1952లో రాయలసీమ కరువుకు, 1977 దివిసీమ ఉప్పెనకు ఎన్టీఆర్ జోలె పట్టి తిరిగాడని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు, అప్పుడు పాటా నాటకమూ చందా పోగుచేసే పనికి దిగాయి. నువ్వూ పని చెయ్యాలనుకుంటే ముందు తండా పెద్దలతో, ఆ కుటుంబంతో మాట్లాడు, వాళ్ళకు కావాలో వద్దో కనుక్కో, కావాలంటే ఏ ఖాతాకో రాసి పెట్టుకుని అప్పుడు యాడ్స్ వేసుకో. అప్పటిదాకా ఆపెయ్.

పాట తీసెయ్యమని నేను అనట్లేదు. రెండో చరణాన్ని పల్లవికి ముందుకు తే. "ఎన్ని రోజులుంటావప్పా" అన్నదాన్నే పల్లవి చేసి చూడు, ప్రతి చరణం తర్వాత ఆ ప్రశ్న తిరిగి రానీ, మొదటిసారి ఊరివాళ్ళు అడుగుతారు, తర్వాత ఎవరు అడగాలో నువ్వే ఆలోచించు. సింహాన్నీ పులినీ తీసెయ్. డప్పు, ఆ సినిమా స్ట్రింగ్స్ రెండూ తగ్గించి ఒక్క హార్మోనియం మీద పాడించి విను, మాటలో బలం ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. తండా భాషలో ఒకట్రెండు మాటలు పెట్టాలనిపిస్తే తండావాళ్ళనే అడిగి పెట్టు, సినిమాల్లో విన్నవి పెట్టకు.

కొత్త డ్రాఫ్ట్ రికార్డింగ్‌కు ముందే నాకు పంపు, వాట్సాప్‌లో వద్దు, కాగితం మీద రాసుకుని అనంతపురం వచ్చెయ్. ఆదివారాలు ఇంట్లోనే ఉంటా, హార్మోనియం కూడా ఉంది.

నీ అన్న